రెండో పంపు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చిన్న బోటుకి, అడుగున చేరే నీళ్లు తోడే రెండో పంపు బిగించే మెకానిక్ పనితనం చూసి తీరాలి. ఇరుకైన అడుగున, డీజిల్ కంపులో, బోర్లా పడుకుని చెయ్యాలి. కొత్త పంపునీ దాని ఫ్లోట్ స్విచ్‌నీ పాతవాటికన్నా కాస్త ఎత్తులో పెడతాడు. రోజూ ఊరే నీటికి అది కదలదు. మొదటిది చేతులెత్తేసి నీళ్లు పెరిగితేనే తిరుగుతుంది. వైరు విడిగా బ్యాటరీకే, మధ్యలో ఫ్యూజు. అతుకులన్నీ నీళ్లందని ఎత్తులో. పైపునీ పాతదానితో కలపడు. పైకి వంపు తిప్పి నీటిమట్టానికి బాగా ఎగువన బయటికి వదులుతాడు, లేకపోతే సముద్రమే వెనక్కి లోపలికొస్తుంది. నాకు బాగా నచ్చేది పరీక్ష: బకెట్లతో నీళ్లు పోసి, మొదటి పంపు ఆపేసి, రెండోది తనంతట తాను గుర్రుమనేదాకా లేవడు. ఖర్చు దండగని సరంగు సణుగుతాడు. నిజమే, ఏడాదంతా అది తిరగకపోవచ్చు. తిరిగిన రాత్రి మాత్రం డబ్బాతో నీళ్లు తోడాల్సిన కుర్రాడి రెండు చేతులూ వల లాగడానికి మిగులుతాయి.