బెత్తెడు దూరం

పి.టి. ఉష పేరెత్తితే చాలు, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ నోట ముందుగా వచ్చే మాట ‘పాపం’. సెకనులో వందో వంతు తేడాతో పతకం పోయింది, తలరాత అలా ఉంది, ఏం చేస్తాం అని ఒక నిట్టూర్పు. నాకు ఆ నిట్టూర్పు నచ్చదు. చిన్నప్పటి నుంచీ పరుగు పందేలంటే చెవి కోసుకునే మనిషిని. జిల్లా మీట్ జరుగుతోందంటే ఇప్పటికీ వెళ్ళి ఫినిష్ లైన్ పక్కన నిలబడతాను. అక్కడ కాసేపు నిలబడ్డవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది, ఆ వందో వంతును రాసేది బ్రహ్మ కాదని. అది విద్య. నేర్చుకుంటే వస్తుంది. నేర్చుకోవడానికి పందేలు కావాలి.

1984 ఆగస్టు 8, లాస్ ఏంజెలిస్. మహిళల 400 మీటర్ల హర్డిల్స్‌ను ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టిన ఏడాది అది. మొరాకోకు చెందిన నవాల్ ఎల్ ముతవకెల్ 54.61 సెకన్లలో స్వర్ణం గెలిచింది. అమెరికా అమ్మాయి జూడీ బ్రౌన్‌ది 55.20. రొమేనియా క్రిస్టియానా కోజోకారుది 55.41. ఉషది 55.42. ఆ ఆఖరి అడుగుల్లో మనిషి సెకనుకు ఏడు మీటర్ల చొప్పున వస్తోందనుకుంటే, వందో వంతు అంటే ఏడు సెంటీమీటర్లు. బెత్తెడు.

ఆ బెత్తెడు ఎక్కడ పోతుందో ఫినిష్ లైన్ దగ్గర చూడాలి. పరుగు పందెంలో గీతను ముందు తాకాల్సింది తలా కాదు, కాలూ కాదు, మొండెం. అందుకే చివరి అడుగులో చేతులు వెనక్కి విసిరి ఛాతీని ముందుకు పడేస్తారు. దాన్ని మన గ్రౌండ్లలో ‘డిప్’ అంటారు. చూడ్డానికి ఏముంది, వంగడమే కదా అనిపిస్తుంది. ఒక అడుగు ముందు వంగితే వేగం చచ్చి తూలిపోతారు. ఒక అడుగు ఆలస్యమైతే అసలు వంగనట్టే. మొన్న మా కాలేజీ గ్రౌండ్‌లో పీడీ సారు ఆడపిల్లలతో ఇదే చేయిస్తున్నారు. దారం అడ్డంగా పట్టుకుని, పరిగెత్తుకొస్తున్న పిల్లలను ఒక్కొక్కరినీ ఛాతీతో తెంపమంటున్నారు. బాగా పరిగెత్తే పిల్ల ఒకతి దారం దగ్గరకు రాగానే తనకు తెలియకుండానే నెమ్మదిస్తోంది. ‘గీత దాటాక ఆగు తల్లీ, గీత దగ్గర కాదు’ అంటున్నారు సారు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ నెమ్మదించింది. దారం చూడగానే ఒంటికి ఆగాలనిపిస్తుంది. ఆ బుద్ధి వదిలించడం ఒక రోజుతో అయ్యే పని కాదు.

ఇక నాలుగు వందల మీటర్ల హర్డిల్స్‌లో ఆ డిప్ ఎంత కష్టమో చూడండి. రెండున్నర అడుగుల ఎత్తు హర్డిల్స్ పది. మొదటిది 45 మీటర్ల దగ్గర, తర్వాత ప్రతి 35 మీటర్లకొకటి. మధ్యలో అడుగులు లెక్క ప్రకారం పడాలి. లెక్క తప్పితే హర్డిల్ ముందు తడబడి, అలవాటు లేని కాలితో దూకాలి. పదోది దాటాక ఇంకో 40 మీటర్లు. అప్పటికి తొడలు రాళ్ళయిపోతాయి. అంత అలసటలో ఇదే ఆఖరి అడుగు అని ఆలోచించి వంగేవాళ్ళుండరు. పందేల మీద పందేలు పరిగెత్తిన ఒళ్ళు దానంతట అది వంగుతుంది.

ఉషకు ఆ పందేలు ఎక్కడివి? ఆమె పుట్టు స్ప్రింటర్. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్లలో రజతాలు గెలిచింది. హర్డిల్స్‌కు మళ్ళింది ఒలింపిక్స్ దగ్గరపడ్డాకే. ఆసియా క్రీడల హర్డిల్స్ విజేత ఎం.డి. వల్సమ్మ మన దేశంలోనే ఉండగా ఆమెను దాటుకుని వెళ్ళింది. ఉష కంటే ముందు గీత దాటిన నవాల్, జూడీ బ్రౌన్ ఇద్దరూ అమెరికా కాలేజీ పోటీల్లో రాటుదేలినవాళ్ళు. ఉషది వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన అనుభవం. దానితోనే సెమీఫైనల్ గెలిచింది. ఫైనల్లో ఒక ఆస్ట్రేలియా అమ్మాయి ముందే కదలడంతో అందరినీ వెనక్కి పిలిచి మళ్ళీ పరిగెత్తించారు. ఆఖర్లో ఛాతీ సరిగ్గా ముందుకు వంచలేకపోయానని ఉషే తర్వాత చెప్పింది. అక్కడి తిండి సహించక గంజన్నం, ఊరగాయతో గడిపానని, చివరి 35 మీటర్లలో ఓపిక నిలవలేదని కూడా చెప్పింది. ఇందులో తలరాత ఏముంది? ఒకటి సాధన, ఒకటి అన్నం. రెండూ మనుషులు అమర్చిపెట్టగలిగినవే.

లేనివాటి మధ్య ఉన్నదాన్ని అమర్చిన మనిషి ఒ.ఎం. నంబియార్. వైమానిక దళంలో పనిచేసి వచ్చిన ఈ కోచ్ కన్నూరు స్పోర్ట్స్ స్కూల్లో ఉషను గుర్తించారు. సింథటిక్ ట్రాక్ అందుబాటులో లేని రోజుల్లో పయ్యోలి సముద్రపు ఒడ్డునే ట్రాక్ చేశారు. ఇసుకలో పరిగెత్తితే అడుగు దిగబడుతుంది, ప్రతి అడుగునూ లాక్కోవాలి. పిక్కలకూ మడమలకూ బలం అక్కడే వస్తుంది. మొదటి విడత ద్రోణాచార్య పురస్కారాల్లో, 1985లో, ఆయన పేరు ఉండటం నాకు ఎంతో న్యాయంగా కనిపిస్తుంది.

లాస్ ఏంజెలిస్ మరుసటి ఏడాది జకార్తాలో ఆసియా చాంపియన్‌షిప్స్ జరిగాయి. 100, 200, 400, 400 హర్డిల్స్, 4×400 రిలే, అన్నిట్లో ఉషకు స్వర్ణమే. 4×100 రిలేలో కాంస్యం. ఒకే పోటీలో! ఒక రోజు పేలుడులాంటి వంద, ఇంకో రోజు ఊపిరి బిగబట్టే నాలుగు వందలు, మధ్యలో హీట్స్. ఆ ఒంటిని ఆ పోటీ రోజుల్లో ఎలా కాపాడుకున్నారో తలుచుకుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో మరో నాలుగు స్వర్ణాలు. పాపం అనేవాళ్ళను జకార్తాలో ఏం గెలిచిందో అడిగి చూడండి, చాలామందికి తెలియదు.

1988 ఒలింపిక్స్‌ను మడమ గాయం మింగేసింది. పెళ్ళయింది, బాబు పుట్టాడు, ఇక అయిపోయిందనుకున్నారు అందరూ. 1998లో ఫుకువోకా ఆసియా చాంపియన్‌షిప్స్‌కు ముప్ఫై నాలుగేళ్ళ వయసులో వచ్చి 200, 400 మీటర్లలో కాంస్యాలు, 4×100 రిలేలో స్వర్ణం పట్టుకెళ్ళింది. ఆమె పరుగుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే. 2000లో పరుగు ఆపేసి, కోళికోడ్ జిల్లాలో అమ్మాయిల కోసం అథ్లెటిక్స్ స్కూల్ పెట్టింది. ఆ స్కూల్లో తయారైన టింటు లూకా 2010లో 800 మీటర్లలో షైనీ విల్సన్ పేరిట ఉన్న జాతీయ రికార్డును 1:59.17తో దాటేసింది. చిన్నవయసులోనే పట్టుకుని, మంచి తిండి పెట్టి, పోటీలకు పంపాలన్న పట్టుదల ఉష దగ్గర ఎక్కడ మొదలైందో వేరే చెప్పక్కర్లేదు.

55.42 మాత్రం జాతీయ రికార్డుగా అలాగే ఉండిపోయింది, ముప్ఫై తొమ్మిదేళ్ళు. 2023 సెప్టెంబరులో చండీగఢ్‌లో కోయంబత్తూరు అమ్మాయి విత్యా రామ్‌రాజ్ దాని దగ్గరకు వచ్చింది. ఆమెకు పట్టింది 55.43. మళ్ళీ అదే వందో వంతు, ఈసారి ఉష వెనక. అయితే విత్యకు వెంటనే ఇంకో పందెం ఉంది. మూడు వారాలకు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల హీట్స్‌లో పరిగెత్తి 55.42 చేసింది. ఆ మర్నాడే ఫైనల్లో కాంస్యం గెలిచింది.