ఊరి నుంచి చరిత్రకు: ప్రాథమిక, ప్రాథమికోన్నత దశల చరిత్ర బోధన – కోనసీమ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పాఠశాలలో గతాన్ని గురించిన బోధన ప్రాథమిక దశలో పరిసరాలతో మొదలై, ఆరో తరగతిలో ఒక్కసారిగా ప్రాచీన నాగరికతలకు మారుతుంది. ఈ మలుపులో విద్యార్థి తన ఊరిని చరిత్రకు వెలుపలిదిగా భావించే ప్రమాదం ఉంది. కోనసీమలో లభించే ఆధారాలతో ఈ అంతరాన్ని పూడ్చే అవకాశాలను, అందులోని ఇబ్బందులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చరిత్ర బోధన, కాలభావన, స్థానిక చరిత్ర, మౌఖిక ఆధారాలు, కోనసీమ.

1. ప్రవేశిక

జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం–2005 మూడు నుంచి ఐదో తరగతి వరకు పరిసరాల విజ్ఞానాన్ని, ఆరో తరగతి నుంచి సాంఘికశాస్త్రాన్ని నిర్దేశించింది. పాఠ్యపుస్తకాలలో స్థూలంగా ఆరులో ప్రాచీన, ఏడులో మధ్యయుగ, ఎనిమిదిలో ఆధునిక చరిత్ర ప్రధానమవుతాయి. ఈ అమరిక చరిత్రకారుని కాలక్రమానికి తగినది. పిల్లల అవగాహన పెరిగే క్రమానికి కూడా అదే తగినదని చెప్పలేము. ఐదో తరగతిలో తన కుటుంబం, వీధి, చెరువు గురించి పెద్దలను అడిగి తెలుసుకున్న విద్యార్థి, వేసవి సెలవులు ముగియగానే సింధు నాగరికత ముందు నిలబడతాడు. నడుమనున్న వేల ఏళ్లను కొలిచే సాధనం అతని చేతిలో ఉండదు. తెలిసిన పద్ధతి ఒక్కటే, కంఠస్థం చేయడం.

2. వయసు, అవగాహన: సిద్ధాంత చర్చ

పియాజే దశల సిద్ధాంతాన్ని చరిత్ర బోధనకు అన్వయించిన హాలమ్, కౌమారం ముదిరేదాకా పిల్లలకు చారిత్రక తర్కం కష్టమని 1960లలో వాదించాడు. ఏ విషయాన్నైనా తగిన రూపంలో ఏ వయసువారికైనా బోధించవచ్చునని జెరోమ్ బ్రూనర్ 1960లోనే ప్రతిపాదించాడు. తరువాత పీటర్ లీ బృందం ఇంగ్లండులో 7 నుంచి 14 ఏళ్ల పిల్లలపై చేసిన పరిశోధనలో, కొందరు ఎనిమిదేళ్ల పిల్లలు పెద్ద తరగతుల వారిలో కొందరికంటే మెరుగ్గా ఆధారాలను అర్థం చేసుకున్నట్లు తేలింది. కాబట్టి ఏ వయసులో ఏ రాజవంశాన్ని చెప్పాలన్నది అసలు ప్రశ్న కాదు. ‘ఇది మనకెలా తెలుసు?’ అని అడగడం పిల్లలకు ఎప్పుడు, దేనితో నేర్పాలన్నదే అసలు ప్రశ్న.

3. కోనసీమలోని ఆధారాలు

3.1 జ్ఞాపకం: ప్రాథమిక దశకు అందుబాటులో ఉన్న ఆధారం ఇంటిపెద్దల జ్ఞాపకం. 1986 ఆగస్టు గోదావరి వరద, 1995 జనవరి 8న మొదలై రెండు నెలలకు పైగా మండిన పాశర్లపూడి బ్లోఔట్, 1996 నవంబరు 6 నాటి తుపాను ఇక్కడి కుటుంబాలకు కాలాన్ని గుర్తుపెట్టుకొనే కొండగుర్తులు. ‘తుపానుకు ముందు’, ‘తుపాను తర్వాత’ అని నాయనమ్మ చెప్పే మాటలో కాలవిభజన ఉంది. ఒకే తుపాను గురించి ఇద్దరు పెద్దలు రెండు విధాలుగా చెబితే, ఆ తేడాయే నాలుగో తరగతి పిల్లలకు ఆధార విమర్శలో తొలిపాఠం కాగలదు.

3.2 శిథిలం, శాసనం: మామిడికుదురు మండలం ఆదుర్రులో బౌద్ధ స్తూప శిథిలాలున్నాయి. ఆరో తరగతి బౌద్ధమత పాఠం సాంచీ చిత్రంతోనే ముగియనవసరం లేదు. 2022 జిల్లాల పునర్విభజనలో కోనసీమలో చేరిన ద్రాక్షారామంలో భీమేశ్వరాలయ శాసనాలు వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో అఖండదీపాలకు గొర్రెలను దానమిచ్చిన వివరాలు తరచుగా కనిపిస్తాయి. ఏడో తరగతి విద్యార్థి దాత పేరుతో ఆగిపోక, ఆ గొర్రెలను ఎవరు మేపారు, నెయ్యి ఎవరు చేర్చారు అని అడగగలిగితే, రాజుల చరిత్ర నుంచి సమాజ చరిత్రకు దారి దొరుకుతుంది.

3.3 కాలువ: 1847–1852 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మాణం జరిగింది. వైనతేయ పాయపై గన్నవరం అక్విడక్టు కూడా కాటన్ కాలపు నిర్మాణమే. దాని పక్కన తరువాత కట్టిన అక్విడక్టుకు అన్నదాత్రి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఈ రెండు పేర్లూ కృతజ్ఞతకు గుర్తులు. అయితే కాలువ తవ్విన కూలీల పేర్లు ఏ ఫలకం మీదా కనిపించవు. నీరు వచ్చాక పండిన పొలంలో పాలేరు బతుకు ఎలా ఉండేదన్న ప్రశ్నకు, మామిడికుదురులో 1911లో జన్మించిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం ఒక సాహిత్య ఆధారం. కాటన్ పాఠం పక్కన ఈ నాటకాన్ని ఉంచితే ఎనిమిదో తరగతి విద్యార్థికి అభివృద్ధి ఫలం ఎవరికి ఎంత దక్కిందో విచారించే వీలు కలుగుతుంది.

4. జిల్లా పేరు: బోధన తప్పించుకోలేని పాఠం

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చే ప్రతిపాదనపై అమలాపురంలో మే 24న జరిగిన నిరసన హింసగా మారింది. ఒక మంత్రి, ఒక శాసనసభ్యుడి ఇళ్లకు నిప్పు పెట్టారు. అదే ఏడాది పేరు ఖరారైంది. రాజ్యాంగ నిర్మాతగా అంబేడ్కర్‌ను గురించి పరీక్షలో రాయగల విద్యార్థి, తన బడి బోర్డు మీది ఆ పేరు ఎందుకు వివాదమైందో బడిలో విన్నాడా? బడి మౌనం వహిస్తే వీధి ఆ పాఠం చెబుతుంది. ఇది తరగతిలో వర్గాలను నిలబెట్టి తీర్పు చెప్పించే విషయం కాదు. భూమి, కులం, చదువు, గౌరవం ఈ డెల్టాలో ఎలా పెనవేసుకున్నాయో క్రమంగా నేర్చుకుంటూ వచ్చిన విద్యార్థికే ఆ పేరు పూర్తిగా అర్థమవుతుంది. ఎనిమిదో తరగతిలో ఈ చర్చ సాధ్యం కావాలంటే నాలుగో తరగతిలో ప్రశ్నించడం మొదలు కావాలి.

5. పరిమితులు

స్థానిక చరిత్ర సులభంగా స్థలపురాణంగా, ప్రాంతీయ అతిశయంగా మారవచ్చు. జ్ఞాపకాన్ని ఇతర ఆధారాలతో సరిచూడకపోతే అది వినికిడిగానే మిగిలిపోతుంది. పాఠ్యాంశాల బరువు, పరీక్షల ఒత్తిడి నడుమ ఉపాధ్యాయునికి క్షేత్రసందర్శన అదనపు భారమే. అందువల్ల అదనపు పాఠాలు చేర్చడం కంటే, ఉన్న ప్రతి యూనిట్‌కూ ఒక స్థానిక ఆధారాన్ని జోడించడం ఆచరణయోగ్యం. 1980లలో మధ్యప్రదేశ్‌లో ఏకలవ్య సంస్థ మాధ్యమిక తరగతులకు చేపట్టిన సాంఘికశాస్త్ర కార్యక్రమం, ఉపాధ్యాయుల భాగస్వామ్యంతో ప్రభుత్వ బడుల్లోనూ ఇటువంటి మార్పు సాధ్యమని చూపింది.

6. ముగింపు

ప్రాథమిక దశ పిల్లలకు ఊరినిచ్చి చరిత్రను వాయిదా వేస్తున్నది. ప్రాథమికోన్నత దశ చరిత్రనిచ్చి ఊరిని తీసుకుంటున్నది. ఈ రెంటినీ కలపగలిగేది ఆధారాన్ని ప్రశ్నించే అలవాటు. నాయనమ్మ చెప్పిన తుపాను కథ నుంచి ద్రాక్షారామ శాసనం మీదుగా జిల్లా పేరు వరకు అదే ప్రశ్న కొనసాగినప్పుడు, విద్యార్థి తన ఊరు చరిత్రలో భాగమని గుర్తిస్తాడు. ఆ చరిత్రలో తన కుటుంబానికే కాక పొరుగువాడలోని కుటుంబానికీ చోటుందని గ్రహించడం అంతకంటే ముఖ్యమైన ఫలితం.