గడ్డిలో మగ్గిన ఇల్లు

వేసవి వస్తే మా గరివిడి ఇంట్లో అటక మీద వరిగడ్డి పరిచి మామిడికాయలు మగ్గేసేది అమ్మ. ఆ ఇంటి పునాదికి తన గాజులు అమ్మింది. దస్తావేజులో మాత్రం ఆవిడ పేరు లేదు. ఎందుకని అడిగితే "ఇల్లు నాదేటే, మీ నాన్నది గాదేటి" అని నవ్వేసేది.

ఐలీన్ గ్రే (1878-1976) గురించి చదువుతుంటే ఆ నవ్వే గుర్తొచ్చింది. ఐర్లండ్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడింది. సుగవారా అనే జపాన్ కళాకారుడి దగ్గర లక్కపని నేర్చుకుంది (మన ఏటికొప్పాక లక్క కాదు, చెట్టుపాలను పొర మీద పొరగా పూసే పని). యాభైకి దగ్గరపడ్డాక తొలి ఇల్లు కట్టింది. ఫ్రాన్స్ దక్షిణ తీరాన రోక్‌బ్రూన్‌లో, సముద్రం పైన రాతి వాలులో 1926-29 మధ్య కట్టిన ఆ ఇంటి పేరు ఇ-1027. ఇ అంటే ఐలీన్. పది, రెండు అంకెలు ఆమె సహచరుడు జాన్ బదొవిచి పేరులోని పొడి అక్షరాల వరుస సంఖ్యలు. ఏడు గ్రే. తన పేరు మధ్యలో అతన్ని పొదువుకుంది. దస్తావేజు అతని పేరనే ఉంది.

ఇల్లు యంత్రం కాదని, మనిషికి గుల్లలాంటిదని ఆమె నమ్మిక. ఎత్తు మార్చుకుని మంచం మీదికి లాక్కోగల బల్ల, గోడలోనే కలిసిపోయిన అలమరాలు, ఎండను ఆపి గాలిని రానిచ్చే తలుపురెక్కలు... ఇంట్లో పగలంతా గడిపిన మనిషికి తట్టే ఆలోచనలివి.

1932లో ఆమె ఆ ఇంటినీ, అతన్నీ వదిలి వెళ్ళింది. 1938-39లో బదొవిచి స్నేహితుడు లె కార్బూజియె అక్కడి తెల్లటి గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశాడు. ఆమెను అడగలేదు. తర్వాత ఆ బొమ్మల్ని పత్రికలో అచ్చువేసినప్పుడు ఇల్లు ఎవరిదో చెప్పలేదు. మన దేశం చండీగఢ్‌ను ఆయన చేతిలోనే పెట్టింది, అది వేరే సంగతి. బియాట్రిస్ కొలోమినా ఈ బొమ్మల్ని ఆక్రమణగా చదివింది. ఆ చదువుతో నాకు పేచీ లేదు. 2021లో పునరుద్ధరణ పూర్తయ్యాక కూడా ఆ బొమ్మలు గోడల మీదే ఉన్నాయి. ఆమె ఇంటిని చూడాలంటే అతని సంతకం మీదుగా చూడాలి.

నా పేచీ మనతోనే. స్త్రీవాద విమర్శ కూడా ఆ గాయం దగ్గరే ఆగిపోతోంది. మళ్ళీ కథ అతనిదే అవుతోంది! ఆ తర్వాత ఆమె ఏం చేసిందన్నది ఒక వాక్యంలో తేలిపోతోంది.

ఆమె కొండెక్కింది. మాంటన్ పట్నానికి ఎగువన, కాస్తెల్లార్ దారిలో, పాత నీటితొట్ల మీద ఇంకో ఇల్లు కట్టుకుంది. ఈసారి తన కోసం, తన ఒక్కదాని కోసం. 1934 ప్రాంతంలో పూర్తయిన ఆ ఇంటికి తెంప్ ఆ పయ్యా అని పేరు పెట్టింది. కాలమూ గడ్డీ ఉంటే అంజూరాలు పండుతాయని ఆ ప్రాంతపు సామెత. అందులోంచి తీసుకున్న పేరది. చదవగానే మా అటక వాసన తగిలింది. ఇక్కడ గూఢాక్షరాలు లేవు, ఎవరి పేరూ ఇరికించలేదు. ఈ ఇంటి కోసం చేసిన ఎస్ ఆకారపు కుర్చీని మడిచి పక్కన పెట్టేయొచ్చు. ప్రేమ కోసం కట్టిన ఇంటికంటే పని కోసం కట్టిన ఈ ఇల్లే నాకు పెద్ద రచనగా కనిపిస్తుంది.

యుద్ధకాలంలో విదేశీయురాలని ఆమెను తీరం నుంచి పంపేశారు. తిరిగొచ్చేసరికి ఇల్లు దోపిడీ అయిపోయింది. బాగుచేసుకుంది. 1950లలో గ్రహం సదర్లండ్ అనే చిత్రకారుడికి అమ్మింది. డెబ్బై దాటిన వయసులో సాన్ ట్రొపే దగ్గర ద్రాక్షతోటలోని పాత రాతికొట్టాన్ని మూడో ఇల్లుగా మార్చడం మొదలుపెట్టింది.

ఇదంతా అమ్మకు చెప్పాను. బల్ల గురించి, సముద్రం గురించి, గోడల మీద బొమ్మల గురించి విన్నంతసేపూ ఏమీ అనలేదు. కొండ మీది ఇంటి దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆపింది.

"దస్తావేజు ఎవులి పేర రాయించిందే?"