అన్నిటికీ పనిచేసే ఆకు

మందుమొక్కల సారాన్ని క్యాన్సర్ కణాల మీద వేసి చూడటం నా పని. కణాలు చావడం అంత గొప్ప విషయమేమీ కాదు. మోతాదు పెంచుకుంటూ పోతే ఉప్పునీళ్లకైనా చస్తాయి. ఆ సారం కణంలో ఎక్కడ పట్టుకుందో తేల్చడమే కష్టం.

కణానికి బయట అందిన కబురును లోపలి ప్రోటీన్లు ఒకదానికొకటి అందించుకుంటూ కేంద్రకం దాకా చేరుస్తాయి. చాలా క్యాన్సర్లలో ఈ వరసలో ఎక్కడో కాలింగ్ బెల్ స్విచ్ ఇరుక్కుపోయినట్టవుతుంది. ఎవరూ నొక్కకపోయినా 'పెరుగు, పెరుగు' అని మోగుతూనే ఉంటుంది. దాన్ని ఆపే పదార్థం ఏ మొక్కలో ఉందోనని వెతుకుతాం. నీడన ఆరిన ఆకును పొడిచేసి, మిథనాల్‌లో నానబెట్టి, వడకట్టి, ద్రావకాన్ని ఆవిరి చేస్తాం. మిగిలిన జిగురును కరిగించి, 96 గుంటల ప్లేటులో పెరుగుతున్న కణాలకు ఇస్తాం. ఎన్‌ఎఫ్‌-కప్పా-బి లాంటి సంకేతం నడుస్తున్నంతసేపూ వెలిగేలా ఆ కణాల్లో మిణుగురు పురుగు ఎంజైము జన్యువు పెట్టి ఉంచుతాం. వెలుగు తగ్గితే సంకేతం ఆగినట్టు లెక్క.

మోసమంతా ఆ లెక్కలోనే ఉంది. కొత్తగా చేరిన పిల్లలు వెలుగు తగ్గిన ప్లేటు పట్టుకుని సంబరంగా వస్తారు. ముందు కణాలు బతికున్నాయో లేదో చూసి రమ్మంటాను. కణం చచ్చినా వెలుగు తగ్గుతుంది, సారం ఎంజైమునే అడ్డుకున్నా తగ్గుతుంది. కరక్కాయకు వగరునిచ్చే టానిన్లు ఏ ప్రోటీను ఎదురైతే దానికి అంటుకుంటాయి, అందుకే రకరకాల పరీక్షల్లో 'పనిచేసింది' అనిపించుకుంటాయి. పసుపులోని కర్క్యుమిన్ మరీ గడుసుది. తనంతట తానే మెరుస్తుంది, నీళ్లలో నిలవక విరిగిపోతుంది. పరిశోధన పత్రాలు చదివితే అది ఆపని సంకేతమే లేదనిపిస్తుంది. 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగాక, డబుల్ బ్లైండ్ పద్ధతిలో ప్లాసిబోతో పోల్చిన వాటిలో ఒక్కటీ నెగ్గలేదని 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో వచ్చిన సమీక్ష తేల్చింది.

నెగ్గిన కథ ఒకటి చెబుతాను. 1950లలో అమెరికాలోని ఐడహోలో కార్న్ లిల్లీ మేసిన చూడి గొర్రెలు ఒంటికన్ను పిల్లలను ఈనాయి. అందులోని విషం సైక్లోపమీన్. అది హెడ్జ్‌హాగ్ అనే సంకేతాన్ని ఆపుతుందని 1998లో తేలింది. పిండంలో ముఖం సరిగా ఏర్పడాలంటే ఆ సంకేతం ఉండాలి. బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ పెరిగేదీ దాని అండతోనే. సైక్లోపమీన్ గురిపెట్టిన ప్రోటీను మీదే పనిచేసేలా ప్రయోగశాలలో తయారైన విస్మోడెగిబ్‌కు 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ మందులో మొక్క లేదు, మొక్క చూపిన గురి మాత్రమే ఉంది. గర్భిణులు దాన్ని వాడకూడదు.

అందుకే అన్ని జబ్బులకూ పనిచేస్తుందనే ఆకును నేను నమ్మను. 'ఫలానా ఆకు క్యాన్సర్ కణాలను చంపింది' అని చదివినప్పుడు రెండు ప్రశ్నలు వేయండి. ఏ సంకేతాన్ని ఆపింది? మంచి కణాలను వదిలిందా? జవాబు లేకపోతే అది ఇంకా మా బల్ల మీది పనే, మీరు తాగాల్సిన మందు కాదు. చికిత్సలో ఉన్నవాళ్లు ఏ కషాయం తాగుతున్నా దాచకుండా డాక్టరుకు చెప్పండి.