కప్పు తట్టి వినే పని

చీరాలకూ బొగ్గుకూ ఏం సంబంధం అనకండి. మా వైపు పొగాకు బ్యారన్లలో సింగరేణి బొగ్గు కూడా మండింది. అది తవ్వే చేతుల గురించి మాత్రం ఇక్కడ పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు.

భూగర్భ గనిలో మందు పేల్చాక, పొగ తగ్గగానే బొగ్గు ఎత్తేవాళ్లు లోపలికి పోరు. ముందు ఒక మనిషి కర్రతో కప్పు తట్టి చూస్తాడు. గట్టి రాయి ఖంగుమంటుంది, పొర విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది. చిక్కంతా మందపాటి పొరతోనే. విడిపోయి ఉండి కూడా అది ఖంగుమనొచ్చు. అందుకే ఒక చేత్తో తడుతూ రెండో చేతి వేళ్లు కప్పుకు ఆనిస్తాడు. చెవికి అందని అదురు వేళ్లకు తెలుస్తుంది. నాడె చప్పుడులో తేడా పట్టే మన మగ్గం మనిషి ఈ విద్యను చూడగానే గుర్తుపడతాడు. వదులు రాయి దొరికితే, తాను గట్టి కప్పు కింద నిలబడి, పొడవాటి గడ్డపారతో దాన్ని దింపేస్తాడు.

తర్వాత బోల్టింగు. కప్పుకు రంధ్రం వేసి, సిమెంటు గొట్టాలను నీళ్లలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, ఒకదాని వెనక ఒకటి లోపలికి తోసి, ఆపైన ఇనుప కడ్డీ దించుతారు. నానడం తక్కువైతే పట్టు రాదు, ఆలస్యమైతే చేతిలోనే గట్టిపడుతుంది.

1889లో ఇల్లందులో తవ్వకం మొదలైన సింగరేణి 2023-24లో దాదాపు 7 కోట్ల టన్నులు తీసింది. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. ఉత్పాదకత ఎంత పెరిగిందో అని మురిసిపోయే ముందు ఒక్క మాట. 1975లో మొదలైన, పైమట్టి తీసి తవ్వే ఓపెన్‌కాస్టే ఈ లెక్కను మార్చింది. అక్కడ కాపాడుకోవాల్సిన కప్పే లేదు. పైగా మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టర్లది, ఆ కూలీలు కంపెనీ సొంత మనుషుల లెక్కలోకి రారు. అలాంటి గనితో పోల్చి, షిఫ్టుకు తలకు టన్ను అటూఇటూగా తీసే భూగర్భ కార్మికుణ్ని వెనకబడ్డాడనడం నాకు న్యాయంగా తోచదు. కప్పు తట్టిన సేపు కూడా షిఫ్టులో భాగమే, ఆ సేపట్లో ఒక్క కిలో బొగ్గూ రాదు.

సింగరేణిలో 2014లో మొదలైన అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కోసే యంత్రం ముందుకు పోతుంటే హైడ్రాలిక్ ఊతాలు కప్పును మోస్తూ వెంట జరుగుతాయి. అయినా ఆ యంత్రానికి దారి తవ్వేచోట బోల్టులు బిగించాల్సిందే, కప్పు చూసుకోవాల్సిందే.