ఆ భుజం ఎవరిది?
(క్లారెన్స్ క్లెమన్స్ స్వీయకథ చదివాక)

1975లో వచ్చిన 'బార్న్ టు రన్' రికార్డు అట్ట చూడండి. నలుపు తెలుపు ఫొటో. తెల్ల గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ గిటారు తగిలించుకుని నవ్వుతా ఎవరి భుజం మీదనో వాలి ఉంటాడు. ఆ భుజం ఎవరిదో ముందట్ట మీద తెలియదు. మడత విప్పి వెనకట్ట కూడా కలిపి చూస్తేనే శాక్సఫోన్ ఊదుతున్న నల్లమనిషి కనపడతాడు. ఆయనే క్లారెన్స్ క్లెమన్స్.

రాక్ సంగీతాన్ని ప్రేమించేవాళ్ళు ఈ బొమ్మను స్నేహానికి గుర్తుగా దాచుకున్నారు. ఆ స్నేహం అబద్ధమని నేననడం లేదు. 1972 నుంచి, మధ్యలో పదేళ్ళ ఎడబాటు పోను, ఒకే వేదిక మీద నిలబడ్డారు. తెల్లవాళ్ళే ఎక్కువగా ఉండే జనం ముందు ముద్దుపెట్టుకున్నారు. 2011 జూన్ 18న పక్షవాతం అనంతరం క్లెమన్స్ పోయినప్పుడు ఆయనకు 69 ఏళ్ళు. అభిమానులు కార్చిన కన్నీళ్ళు నిజమైనవే. కాకపోతే వాలినవాడి కథ లోకమంతా తెలుసు. వాలనిచ్చినవాడు తన కథ తానెట్లా చెప్పుకున్నాడు? మనకు కావలసింది అది.

చెప్పుకున్నాడు. 2009లో 'బిగ్ మ్యాన్' అనే పుస్తకం వచ్చింది. టీవీ రచయిత డాన్ రియోతో కలిసి రాశాడు. 'నిజ జీవితం, కోతలు' అని పేరు పక్కనే ఒప్పుకున్నారు. కోతలుండే పేజీలకు బూడిదరంగు అద్ది వేరుచేశారు. పేరుమోసిన నటులూ రచయితలూ వచ్చిపోతుంటారు, నమ్మలేని సంగతులు జరుగుతుంటాయి. మొదటిసారి చదివినప్పుడు నాకు కోపమొచ్చింది. వర్జీనియాలో 1942లో పుట్టిన నల్లబిడ్డ. తండ్రి చేపలమ్మేవాడు, తాత బాప్టిస్టు పాస్టరు. 1958లో, ఈయనకు పదహారేళ్ళప్పుడు, నల్లపిల్లలతో కలిపి చదివించాల్సి వస్తుందని పక్కనే ఉన్న నార్‌ఫోక్‌లో తెల్లపిల్లల బడులనే మూసేశారు. అటువంటి నేల మీంచి వచ్చినవాడు ఈ ముచ్చట్లేంటి, ఈ గప్పాలేంటి అనుకున్నాను.

తర్వాత నా కోపం మీదే నాకు అనుమానం వచ్చింది. అణగారినవాడి ఆత్మకథ అనంగానే మనం గాయం కోసం వెతుకుతాం. ఆకలి ఎక్కడ, అవమానం ఎక్కడ అని పేజీలు తిప్పుతాం. సెమినార్లలో దళిత స్వీయకథలను అట్లాగే చదువుతున్నాం, చదివిస్తున్నాం. మనోడు గొప్పలు చెప్పుకుంటే మనకే నామోషీ. అగ్రకులపోడు తన తాతల గొప్పలు రాసుకుంటే దాన్ని సాహిత్యమంటాం. మనవాడు కోతలు కోస్తే సాక్ష్యం చెడిపోయిందంటామా?

అయినా కోతలు కోయడం నల్లవాళ్ళకు కొత్తా? జోరా నీల్ హర్‌స్టన్ ఫ్లోరిడాలోని సొంతూరు ఈటన్‌విల్‌కు పోయి, అరుగుల మీద కూర్చుని జనం చెప్పుకునే కథలు సేకరించి 1935లో అచ్చేసింది. వాటిని ఆ జనమే 'అబద్ధాలు' అని పిలుచుకున్నారు. మన ఊళ్ళల్లో ఖాకీ బట్టలు, కట్టె తుపాకీతో వచ్చే తుపాకిరాముడు చేసేదేంటి? లేని జమీలు, లేని బంగళాలు ఏకరువు పెట్టి, దొరతనాన్నే నవ్వులపాలు చేస్తాడు. అతని మాటల్లో నిజమెంత అని ఎవరూ లెక్కగట్టరు. బూడిదరంగు పేజీలను అట్లా చదివితే క్లెమన్స్ నాకు దగ్గరయ్యాడు.

అట్లాగని పుస్తకాన్ని పూర్తిగా వెనకేసుకురాలేను. ముందుమాట స్ప్రింగ్‌స్టీన్ రాశాడు. 1845లో ఫ్రెడరిక్ డగ్లస్ తన బానిస జీవితం రాసినప్పుడు ముందు గారిసన్, ఫిలిప్స్ అనే ఇద్దరు తెల్లవాళ్ళ మాటలు అచ్చయ్యాయి, నల్లవాడు నిజంగానే రాశాడని నమ్మించడానికి. నూటఅరవై నాలుగేళ్ళ తర్వాత అవసరం అది కాదు, ప్రేమే. కానీ తలుపు దగ్గర నిలబడి లోపలికి పిలిచేది ఇప్పుడూ తెల్లవాడే. పిలుపు పేర్లు కూడా చూడండి. ఆయన 'బాస్', ఈయన 'బిగ్ మ్యాన్'. ఒకరికి హోదా, ఒకరికి ఒళ్ళు. పుస్తకం ఆ ఒంటి పేరునే తలకెత్తుకుంది.

ఆ ఒంటి కష్టమేమిటో 'జంగిల్‌లాండ్' పాట చెబుతుంది. అందులో రెండు నిమిషాలకు పైగా సాగే శాక్సఫోన్ ముక్కను స్ప్రింగ్‌స్టీన్ ఒక్కో స్వరం చెబుతుంటే క్లెమన్స్ దాదాపు పదహారు గంటలు ఊదాడు. పాట రాసిన పేరు స్ప్రింగ్‌స్టీన్‌దే. ఊపిరి ఎవరిది? వినేవాళ్ళు వెక్కివెక్కి ఏడ్చేది ఆ ఊపిరికే కదా. దప్పు కొట్టేవాడి చేతిని 'వాయిద్యం' అని, పాట కట్టినవాడి తలను 'కళ' అని విడదీసే చూపు మనకు తెలియంది కాదు. శాక్సఫోన్ రాక్‌లోకి వచ్చిందే నల్లవాళ్ళ గొంతుగా. క్లెమన్స్‌కు దారి చూపిన కింగ్ కర్టిస్ నల్లవాడు. గిటారు రాజ్యమేలే కాలానికి ఆ వంశాన్ని నిలబెట్టింది ఈయన.

1974లో డేవిడ్ సాన్షస్, ఎర్నెస్ట్ కార్టర్ వెళ్ళిపోయాక ఆ బృందంలో మిగిలిన నల్లమనిషి ఈయనొక్కడే. 1989లో రింగో స్టార్‌తో జపాన్‌లో ఉండగా ఫోనొచ్చింది, బృందాన్ని రద్దుచేస్తున్నామని. పదేళ్ళకు మళ్ళీ పిలుపు వస్తే పోయాడు. అదే 1999లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ స్ప్రింగ్‌స్టీన్‌ను ఒక్కడినే లోపలికి తీసుకుంది. బృందాన్ని తీసుకున్నది 2014లో. అప్పటికి క్లెమన్స్ చనిపోయి మూడేళ్ళు. పుస్తకంలో పగ కనపడదు. అది పెద్దమనసా, లేక నవ్వు మీద బతికే కళాకారుడి జాగ్రత్తా? నేను తేల్చలేకపోయాను.

నా అసలు ఫిర్యాదు ఇంకొకటి. రాక్‌లోకి రాకముందు, 1962 నుంచి 1970 దాకా, న్యూజెర్సీలోని జేమ్స్‌బర్గ్ బాలుర శిక్షణాలయంలో ఆయన కౌన్సెలర్. మనసు దెబ్బతిన్న పిల్లలతో ఎనిమిదేళ్ళు గడిపాడు. పగలు ఆ పిల్లలు, రాత్రి క్లబ్బుల్లో శాక్సఫోన్. అమెరికాలో నల్లవాళ్ళ ఉద్యమం భగ్గుమన్న ఏళ్ళవి. ఆ పిల్లలు ఏం మాట్లాడేవాళ్ళు? ఈ భారీ మనిషి వాళ్ళ మధ్య కూర్చుని ఏం చెప్పేవాడు? సినిమా తారల ముచ్చట్లు ఓ నాలుగు తగ్గించి, ఆ పిల్లల గురించి ఇంకో నలభై పేజీలు రాసివుంటే బాగుండేది. వాటిలో సగం కోతలైనా సరే, చదివేవాణ్ణి.