ముందు నేల సంగతి తేల్చండి

కెనడా ఉత్తరాన వాయవ్య ప్రాంతాల ప్రభుత్వాన్ని నడిపిన నెల్లీ కోర్నోయే పనితనం ఎలాంటిదో తెలియాలంటే ఆమె జీవితకథకన్నా ముందు ఒక ఒప్పందం చదవాలి. 1984 జూన్ 5న కెనడా ఉత్తర కొసన, ఆర్కిటిక్ సముద్రపు ఒడ్డున ఉన్న టుక్టోయాక్‌టుక్ అనే పల్లెలో దానిమీద సంతకాలయ్యాయి. పేరు ఇనువియాలుయిట్ తుది ఒప్పందం. కెనడా ప్రభుత్వం తరఫున మంత్రి జాన్ మన్రో సంతకం పెట్టారు. అవతలి పక్షం ఇనువియాలుయిట్లు, అంటే పశ్చిమ ఆర్కిటిక్ ఇన్యూట్లు: ఆరు ఊళ్లలో బతికే కొన్ని వేలమంది వేటగాళ్లు, వాళ్ల కుటుంబాలు. 60వ ఉత్తర అక్షాంశానికి పైన ఒక ఆదివాసీ జాతి కెనడా ప్రభుత్వంతో కుదుర్చుకున్న మొదటి సమగ్ర భూ ఒప్పందం ఇదే. నెల్లీ ఒకపక్క వాయవ్య ప్రాంతాల శాసనసభలో సభ్యురాలిగా ఉంటూనే ఇంకోపక్క దీని చర్చల్లో పాల్గొన్నారు.

ఆమె 1940లో మెకంజీ నది డెల్టాలోని ఆక్లావిక్‌లో పుట్టారు. తండ్రి నార్వే నుంచి వచ్చి, ఉచ్చులు పన్ని బొచ్చు జంతువుల తోళ్లు అమ్ముకుని బతికిన మనిషి. తల్లిది హెర్షెల్ దీవి, ఇనువియాలుయిట్ కుటుంబం. వేట బాటల మీదే పెరిగిన ఆ పిల్ల చదువంతా ఆల్బర్టా నుంచి వచ్చే ఉత్తరాల పాఠాలతోనే సాగింది. ఆక్లావిక్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఏటి వరదలకూ ఒడ్డు కోతకూ ఆ ఊరు నిలవదని 1950లలో ప్రభుత్వం వేరేచోట ఇనూవిక్ అనే కొత్త పట్నం కట్టి, అందరినీ అక్కడికి వెళ్లమంది. కొందరు వెళ్లారు. మిగిలినవాళ్లు కదలలేదు. ఊరు ఇప్పటికీ అక్కడే ఉంది.

తర్వాత ఆమె ఇనూవిక్‌లో కెనడా ప్రసార సంస్థ సీబీసీ రేడియోలో చేరారు. అనౌన్సర్‌గా మొదలై స్టేషన్ మేనేజర్ అయ్యారు. ఆ ఉద్యోగాన్ని ఆమె రాజకీయానికి మొదటి బడి అంటాను నేను. రోడ్లు లేని నేలమీద, శిబిరానికీ శిబిరానికీ వందల కిలోమీటర్ల ఎడం ఉన్నచోట, ఎవరు ఎక్కడున్నారో, ఏ కుటుంబానికి ఏం కబురు చేరాలో రేడియో చెప్పాలి. ఆ మైకు ముందు కూర్చున్న మనిషికి నాలుగు మాటల్లో విషయం చెప్పడం ఒంటబడుతుంది. వినేవాడి ముఖం కనబడకపోయినా వాడికి ఏది అర్థమవుతుందో పట్టుకోవడం కూడా అలవడుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ప్రభుత్వ నేతగా ఆమెను చూసినవాళ్లు ఆమెలో చెప్పుకున్న గుణం కూడా ఇదే: మాట పొదుపు, సూటిదనం.

1968లో అలాస్కా ఉత్తర తీరంలో ప్రుధో బే దగ్గర చమురు పడింది. ఆ వెంటనే కంపెనీల చూపు పక్కనే ఉన్న మెకంజీ డెల్టామీదా బోఫోర్ట్ సముద్రంమీదా పడింది. 1970లో బ్యాంక్స్ దీవిలోని సాక్స్ హార్బర్ వేటగాళ్లు తెల్ల నక్కలను పట్టుకునే తమ నేలమీద చమురు అన్వేషణకు ప్రభుత్వం అనుమతులిచ్చిందని ఆలస్యంగా తెలుసుకున్నారు. వాళ్లను ఒక్క మాట అడిగిన నాథుడు లేడు. సరిగ్గా ఆ కాలంలోనే ఇనూవిక్‌లో ‘కోప్’ అనే సంఘం మొదలైంది. మూలవాసుల హక్కుల కమిటీ అది. ఆగ్నెస్ సెమ్లర్, నెల్లీ కోర్నోయే దాన్ని నిలబెట్టినవాళ్లలో ముందువరసలో ఉంటారు. వేటగాళ్లకు వకీలును పెట్టి, ప్రభుత్వం ముందు కూర్చోబెట్టింది ఆ సంఘమే.

ఆలోగా మెకంజీ లోయగుండా పైపులైన్ వేసే ప్రతిపాదన వచ్చింది. ‘పైపులైన్ వద్దు’ అని అడ్డుకోవడం ఒక దారి. ‘పైపులైన్ రానీ, మాకు ఉద్యోగాలివ్వండి’ అని చేయి చాచడం ఇంకో దారి. నెల్లీ ఈ రెండు దారులూ పట్టలేదు. నేల ఎవరిదో ముందు తేల్చండి, దానిమీద ఏం కట్టాలో ఆ తర్వాత మాట్లాడదాం అన్నదే ఆమె పట్టు. ఈ వరస ఆమె ఎక్కడా తప్పలేదు, శాసనసభలోనూ చర్చల బల్ల దగ్గరా తర్వాత కంపెనీ బోర్డు గదిలోనూ. 1974 నుంచి 1977 వరకు ఆ పైపులైన్ మీద విచారణ జరిపిన న్యాయమూర్తి థామస్ బెర్జర్ ఊరూరా తిరిగి 35 సముదాయాల మాట విన్నారు. మెకంజీ లోయలో పైపులైన్‌ను పదేళ్లు వాయిదా వేసి, ఆలోగా ఆదివాసుల భూహక్కులు తేల్చాలని సిఫారసు చేశారు. ఆ పదేళ్ల గడువుకు అసలైన విలువ తెచ్చింది దాన్ని వాడుకున్నవాళ్లే.

ఇక ఒప్పందంలోకి వెళ్దాం. అందులో ఏడో సెక్షన్ నేలను రెండు రకాలుగా విడదీస్తుంది. మొదటి రకం నేలమీద పైభాగమూ ఇనువియాలుయిట్లదే, కింద ఉన్న చమురూ గ్యాసూ ఖనిజాలూ వాళ్లవే. అది సుమారు 13,000 చదరపు కిలోమీటర్లు. రెండో రకంలో పైనేల వాళ్లది, కిందున్న చమురు, గ్యాసు ప్రభుత్వానివి. రెండూ కలిపి దాదాపు 91,000 చదరపు కిలోమీటర్లు. అక్కడి ఊళ్లలో ఈనాటికీ నేలను ఆ సెక్షన్ నంబర్లతోనే ‘సెవెన్ వన్ ఏ’, ‘సెవెన్ వన్ బీ’ అని పిలుస్తారు.

ఆ మొదటి రకం నేలను ఎలా పంచారో చూస్తే పనితనం కనబడుతుంది. అంతా ఒకేచోట, గ్యాసు ఎక్కువ పడుతుందనుకున్న డెల్టాలో తీసుకుని ఉండొచ్చు. అలా చేయలేదు. ఆక్లావిక్, ఇనూవిక్, టుక్టోయాక్‌టుక్, పౌలటుక్, సాక్స్ హార్బర్, ఉలుఖక్‌టోక్ అనే ఆరు ఊళ్లలో ప్రతి ఊరి పక్కనా 700 చదరపు మైళ్లు చొప్పున సమానంగా తీసుకున్నారు. కేప్ బాథర్‌స్ట్ దగ్గర 800 చదరపు మైళ్ల ముక్క విడిగా తీసుకున్నారు. ఒక ఊళ్లో గ్యాసు పడి ఇంకో ఊళ్లో పడకపోయినా, నీ వాకిట నేల నీదేనన్న భరోసా ఆరు ఊళ్లకూ ఒకేలా దక్కింది. ఎక్కడో ఉన్న చిన్న ఊరి వేటగాడు కూడా ఒప్పందాన్ని తనదిగా భావించడానికి ఇదే మూలం.

నన్ను మరీ ఆకట్టుకున్నది భూమి లెక్క కాదు, జంతువుల లెక్క. చేపల కమిటీ అయినా, వన్యప్రాణుల సలహా మండళ్లయినా, కొత్త ప్రాజెక్టులను తనిఖీ చేసే పర్యావరణ బోర్డులయినా, సగం మంది ఇనువియాలుయిట్లు, సగం మంది ప్రభుత్వం తరఫువాళ్లు ఉండాలని రాయించారు. అధ్యక్షుడు వేరు. మైనారిటీగా కూర్చుని నిరసన చెప్పి లేచి వచ్చే పరిస్థితి ఇందులో లేదు. బయటి నుంచి కంపెనీ వచ్చి ఏదైనా కడతానంటే, వేటగాడి సగం ఒప్పకుండా కాగితం సులువుగా కదలదు. దీనికి తోడు పార్లమెంటు చేసిన చట్టంలో ఇంకో మెలిక ఉంది. ఈ ఒప్పందానికీ మరే చట్టానికీ వైరుధ్యం వస్తే ఒప్పందమే చెల్లుతుంది. శాసనసభలో కూర్చుని చట్టాలు ఎలా పుడతాయో, ఎలా పక్కకు జరుగుతాయో చూసినవాళ్లకే ఆ వాక్యం ఎంత అవసరమో తెలుస్తుంది.

ఇందులో వదులుకున్నదీ ఉంది. ఈ హక్కులకు బదులుగా మిగిలిన విశాలమైన నేలమీద తమ ఆదిమ హక్కును ఇనువియాలుయిట్లు వదులుకున్నారు. ఆ షరతును కెనడాలో చాలా ఆదివాసీ సంఘాలు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి వాళ్ల కారణాలు బలమైనవి. నా లెక్కలో మాత్రం, డ్రిల్లింగ్ ఓడలు అప్పటికే బోఫోర్ట్ సముద్రంలో పనిచేస్తున్న కాలంలో, ఇంకో ఇరవై ఏళ్లు ఆగి మంచి షరతు తెచ్చుకుందామనే వెసులుబాటు ఆ ఊళ్లకు లేదు. 1976లో కోప్, మిగతా ఇన్యూట్ సంఘాల ఉమ్మడి చర్చల నుంచి బయటికి వచ్చి విడిగా మాట్లాడుకోవడానికి కూడా ఈ తొందరే కారణం.

శాసనసభకు ఆమె 1979లో పశ్చిమ ఆర్కిటిక్ నియోజకవర్గం నుంచి వెళ్లారు. 1983 నుంచి నునక్‌పుట్ స్థానం నుంచి గెలుస్తూ 1995 దాకా ఉన్నారు. ఆ సభ తీరు వేరు. అందులో పార్టీలు లేవు. ఎవరికివారు స్వతంత్రంగా గెలిచి వస్తారు. గెలిచాక తమలోనుంచే రహస్య ఓటుతో ప్రభుత్వ నేతను, మంత్రులను ఎన్నుకుంటారు. మంత్రులకన్నా మామూలు సభ్యుల సంఖ్యే ఎక్కువ. కాబట్టి విప్ జారీ చేసి బిల్లు గట్టెక్కించే అవకాశమే ఉండదు. ఒక్కో సభ్యుడి దగ్గరికీ వెళ్లి, వాళ్ల ఊరికి దీనివల్ల ఏమిటో చెప్పి, నమ్మించాలి. ఒక్క ఓటును కూడా ముందే తనదని లెక్కేసుకోలేని సభ అది. నెల్లీ ఆరోగ్యం, ఇంధనం వంటి శాఖలు చూశారు. 1988లో ఆస్పత్రుల నిర్వహణ, విద్యుత్ సంస్థ కేంద్ర ప్రభుత్వం చేతినుంచి ప్రాంతీయ ప్రభుత్వం చేతికి వచ్చిన కాలం అది.

1991 నవంబరులో ఆ సభ ఆమెను ప్రభుత్వ నేతగా ఎన్నుకుంది. కెనడాలో ఒక ప్రభుత్వానికి నాయకత్వం వహించిన మొదటి ఆదివాసీ మహిళ ఆమె. బ్రిటిష్ కొలంబియాలో రీటా జాన్‌స్టన్ తర్వాత దేశంలో ఆ స్థాయికి చేరిన రెండో మహిళ కూడా. ఖజానా బిగువుగా ఉన్న రోజులు, ఖర్చు తగ్గించక తప్పని బడ్జెట్లు. అప్పటి ప్రభుత్వం అధికారాలను రాజధాని యెల్లోనైఫ్ నుంచి ఊళ్లకు బదిలీ చేసే ప్రయత్నం మొదలుపెట్టింది. 1993 నవంబరులో యెల్లోనైఫ్‌లోని ఫ్రేమ్ లేక్ ఒడ్డున శాసనసభకు కొత్త భవనం తెరిచారు. సభామందిరం గుండ్రం. నడిమధ్య నేలమీద ధ్రువపు ఎలుగుబంటి తోలు. చుట్టూ అనువాదకుల గదులు. తమ భాషలో మాట్లాడే సభ్యుడి మాట మిగతావాళ్లకు చెవిలో పడాలి కదా.

అన్నిటికన్నా బరువైన పని రాష్ట్ర విభజన. ఆ మాట వింటే తెలుగువాళ్లకు వివరించి చెప్పాల్సిందేమీ ఉండదు. తన ప్రభుత్వం నడిపే ప్రాంతం రెండుగా చీలబోతోందని తెలిసి, ఆ చీలికకు సిద్ధం చేయాల్సిన బాధ్యత ఆమె మీద పడింది. 1982లో విభజన కావాలా అని జనాన్ని ఓటు అడిగారు. 56 శాతం మంది కావాలన్నారు. సరిహద్దు గీత ఎక్కడ పడాలన్నది 1992 మే నెలలో మళ్లీ ఓటుకు పెట్టారు. ఆ గీత కూడా నెగ్గింది, అంతరం తక్కువే అయినా. 1993లో తూర్పు ఇన్యూట్లతో నునావుట్ భూ ఒప్పందం కుదిరింది, 1999 ఏప్రిల్ 1న తూర్పున నునావుట్ అనే కొత్త ప్రాంతం ఏర్పడింది. ఇనువియాలుయిట్లు కొత్త ప్రాంతంలోకి వెళ్లకుండా పశ్చిమంలోనే ఉండిపోయారు. భాషలో, రక్తంలో తమకు దగ్గరివాళ్లు గీతకు అవతల ఉన్నారు. వ్యాపారం, దారులు, నది ఇవతల ఉన్నాయి. ఇలాంటి తెంపులో పాలుపంచుకున్న నాయకురాలు తూర్పువాళ్ల విభజనకు అడ్డం పడకుండా, పని చేసిపెట్టి దిగిపోయారు. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

1995లో మళ్లీ పోటీ చేయలేదు. 1996 నుంచి 2016 దాకా ఇరవై ఏళ్లు, ఒప్పందం తెచ్చిన డబ్బునూ భూమినీ చూసే ఇనువియాలుయిట్ ప్రాంతీయ కార్పొరేషన్‌కు అధ్యక్షురాలిగా పనిచేశారు. ఒకప్పుడు నేల సంగతి తేలేదాకా పైపులైన్ మాట వద్దన్న మనిషే, 2000లో మెకంజీ గ్యాస్ పైపులైన్‌లో మూడో వంతు వాటా ఆదివాసులకు రావాలని ఏర్పడిన సంఘం వెనుక నిలబడ్డారు. మాట మార్చారనడం తప్పు. నేల సంగతి తేలింది, ఇక ఏం కట్టాలో మాట్లాడే వంతు వచ్చింది. ఆ పైపులైన్ చివరికి కట్టలేదు, గ్యాసు ధరలు పడిపోయి 2017లో కంపెనీలు దాన్ని వదిలేశాయి.

అదే 2017 నవంబరులో ఇనూవిక్ నుంచి టుక్టోయాక్‌టుక్ దాకా దాదాపు 138 కిలోమీటర్ల రోడ్డు తెరిచారు. కెనడాలో ఆర్కిటిక్ సముద్రం ఒడ్డుదాకా ఏడాదంతా వెళ్లగలిగే మొదటి హైవే అది. ఎక్కువ భాగం ఇనువియాలుయిట్ల సొంత నేలమీదుగా పోతుంది. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల కరిగి కుంగిపోకుండా చలికాలంలోనే మట్టి పోసి, ఆ పొర మీదే కట్ట కట్టారు. అంతకుముందు దాన్ని సమీక్షించింది సగం మంది ఇనువియాలుయిట్లు కూర్చున్న బోర్డే. కట్టింది కూడా ఎక్కువగా అక్కడి కంపెనీలే.